లక్షణ నిరీక్షణ మందిరం

మా ఆసుపత్రిలో పధ్నాలుగో నంబరు గది ఎక్కడని అడిగితే ఎవరూ నోటితో చెప్పరు. సైకిల్ స్టాండు వైపు గడ్డం ఎత్తి చూపిస్తారు. గది తలుపు మీద బోర్డు ఉంది కానీ, దాని ముందు ఎవరో ఒక ఇనప బీరువా పెట్టి మర్చిపోయారు. పదకొండేళ్ళుగా ఆ బీరువా వెనక కూర్చుని కౌన్సెలరు ఉద్యోగం చేస్తున్నాను. నా పేరు ప్రభావతి. మొగుడూ పెళ్ళాల మధ్యా, మొగుడూ పెళ్ళాలు కానివాళ్ళ మధ్యా తిరిగే రోగాల గురించి రోజుకి పాతికసార్లు మాట్లాడతాను. నాకు సిగ్గు లేదని మా ఆడపడుచు అంటూ ఉంటుంది. నిజమే, సిగ్గుపడదామంటే మధ్యాహ్నం దాకా తీరిక దొరకదు.

ఆ ఏడు చలికాలంలో పైవాళ్ళకి ఉత్సాహం వచ్చి, చేపల రేవులోనూ రొయ్యల ఫ్యాక్టరీల్లోనూ ఉచిత మూత్ర పరీక్షల శిబిరాలు పెట్టించారు. మొదటి విడతలో నలభై ఒక్క మందికి క్లమీడియా ఉన్నట్టు తేలింది. క్లమీడియా అంటే ఒక బాక్టీరియా. లైంగిక సంబంధం వల్ల ఒకరి నుంచి ఒకరికి వస్తుంది. దాని గుణం ఏమిటంటే, చాలామందిలో, ముఖ్యంగా ఆడవాళ్ళలో, వచ్చిన సంగతే తెలియనివ్వదు. నొప్పి ఉండదు, మంట ఉండదు. మనిషి తన పని తను చేసుకుంటూ ఉంటుంది, లోపల అది తన పని అది చేసుకుంటూ ఉంటుంది. పట్టించుకోకుండా వదిలేస్తే కొందరిలో గర్భసంచి మీదుగా ట్యూబుల్లోకి పాకి అక్కడ మచ్చలు పెడుతుంది. తర్వాత పిల్లలు పుట్టటం కష్టం కావచ్చు. అదే ముందుగా పట్టుకుంటే ఏడు రోజుల మాత్రలతో పోతుంది. ఇద్దరూ ఒకేసారి మింగాలి, ఆ వారం రోజులూ ఎడంగా ఉండాలి. మా గదిలో ఇంత మర్యాదగా పోయే రోగం ఇంకొకటి లేదు.

నలభై ఒక్క మందికీ, వాళ్ళ భాగస్వాములకీ మందిచ్చాం. వేసవి మొదట్లో తనిఖీ వాళ్ళు వచ్చి రిజిస్టరు తిరగేసి ఒక ప్రశ్న రాసి వెళ్ళారు: "తమకు ఏ బాధయు లేదని స్వయముగా వాంగ్మూలమిచ్చిన నలుబది యొక్క మందికి ఔషధములు ఏ ప్రాతిపదికన జారీ చేయబడినవి?"

దీనికి జవాబు నేను రెండు వాక్యాల్లో రాసిచ్చాను. జిల్లా కార్యక్రమ అధికారి దక్షిణామూర్తి గారు అది చదివి, "ఇందులో సమాచారం తప్ప ఏమీ లేదమ్మా" అని పక్కన పెట్టేశారు. ఆయన డాక్టరు కాదు. అంతకు ముందు పద్దెనిమిదేళ్ళు ఊరూరా తిరిగి అంగళ్ళలో త్రాసులు తనిఖీ చేసినవారు. కంటికి కనబడి, తూకానికి వచ్చినదే వస్తువని ఆయన నమ్మకం. మూడు రోజులు తలుపు వేసుకుని కూర్చుని సర్క్యులర్ ఒకటి తయారుచేశారు. దాని పేరు "లక్షణము లేనిదే ఔషధము లేదు".

రోగికి కనీసం మూడు లక్షణాలుండాలి. ఉన్నాయని ముగ్గురు సభ్యుల సంఘం చూసి ధ్రువీకరించాలి. జంట ఇద్దరూ కలిసి వచ్చి వేలిముద్రలు వేయాలి. సంఘం మంగళవారాలు మాత్రమే కూర్చుంటుంది. కంప్యూటర్ని కూడా ఆ మేరకు మార్చేశారు. మూడు టిక్కులు పడితేనే మందుల చీటీ బయటికొస్తుంది, రెండు పడితే రాదు.

సముద్రంలో వేట నిషేధం మొదలైన పదకొండో రోజున నూకరత్నం మా గదికి వచ్చింది. రొయ్యల ఫ్యాక్టరీలో తలలు తీసే పని ఆమెది. ఇరవై ఆరేళ్ళుంటాయి. పెళ్ళయి నాలుగేళ్ళయినా పిల్లల్లేరు. రెండో విడత శిబిరంలో పరీక్ష చేయించుకుంటే, ఆ ఫలితం అప్పటికి వచ్చింది.

"నాకేటీ లేదండి," అంది కూర్చోకుండానే. "నొప్పి లేదు, మంట లేదు, తెల్లబట్ట లేదు. మరి ఉందంటన్నారేటండి?"

కూర్చోబెట్టి అంతా చెప్పాను. చేతులు ఒళ్ళో పెట్టుకుని వింది. వేళ్ళ చివర్లు రొయ్యల ముళ్ళకి గీసుకుపోయి ఉన్నాయి.

"నాకు పిల్లలు పుట్టనిది ఇందుకేనాండి?"

"ఇందుకే అని చెప్పలేనమ్మా. కావచ్చు, కాకపోవచ్చు. కానీ ఉంచుకుంటే మంచిది కాదు."

"మా ఆయన దగ్గర్నించొచ్చిందా?"

"అదీ చెప్పలేను. ఎన్నాళ్ళ నుంచి ఉందో, ఎవరి నుంచి ఎవరికొచ్చిందో పరీక్షలో తెలీదు. అతనికీ పరీక్ష చేద్దాం. ఇద్దరూ కలిసి మందు వాడాలి. ఒక్కరే వాడితే మళ్ళీ అంటుకుంటుంది."

మర్నాడు మొగుణ్ణి వెంటబెట్టుకొచ్చింది. వరహాలు పెద్ద బోటులో కలాసీ. బోటు వెళ్తే పదిహేను రోజులు సముద్రం మీద, రెండు రోజులు ఇంట్లో. ఏడాదిలో అతను వరసగా ఇంటిపట్టునుండేది నిషేధం ఉన్న ఈ రెండు నెలలే. అతనికీ పరీక్ష చేశాం, అతనికీ ఉంది. అతనికీ ఏ బాధా లేదు.

"మందిచ్చేయండి, మింగేత్తాం," అన్నాడు గోడ వైపు చూస్తూ.

కంప్యూటర్లో పేర్లు ఎక్కించాను. లక్షణాల దగ్గర పన్నెండు రకాలు వచ్చాయి. వాటిలో "ఏమీ లేవు" అనేది లేదు. ముందుకి పొమ్మని నొక్కితే ఎర్ర అక్షరాలు పడ్డాయి: "కనీసము మూడు లక్షణములు ఎంచుకొనుడు." అబద్ధం రాయడానికి నేను వెనకాడే మనిషిని కాదు. కానీ రాసినా సంఘం వాళ్ళు చూసి రుజువు చేసుకోవాలి కదా, లేని మంట నేనెక్కణ్ణించి తెచ్చి చూపించను.

మా గది డాక్టరు సువర్చల గారు బయటి దుకాణానికి చీటీ రాసిస్తానన్నారు. బయటి చీటీలు రాసినందుకు ఆవిడకి అప్పటికే రెండు మెమోలు ఉన్నాయి, మూడోది వస్తే బదిలీ. అయినా కాగితం తీశారు. వరహాలే వద్దన్నాడు.

"రోగమే అయితే గవర్నమెంటోళ్ళు మందెందుకివ్వరండి? ఇవ్వట్లేదంటే లేనట్టే కదా. ఉంటే చీటీ మీద ముద్రేసి కౌంటర్లో అందరితోపాటే ఇవ్వాలి. చాటుగా కొనుక్కుని చాటుగా మింగడానికి నానేం తప్పు చేశానండి?"

నూకరత్నం అతని చెయ్యి పట్టుకోబోయింది. అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అప్పుడు అర్థమైంది నాకు, ముద్ర లేని మాత్ర ఈ మనిషి గొంతు దిగదని. ముద్రంటే అతనికి, నీ పెళ్ళానిదీ నీదీ రోగమేగానీ తప్పు కాదని సర్కారు ఒప్పుకోవడం. దక్షిణామూర్తి గారి దగ్గరికి వెళ్ళాను.

"ప్రభావతీ," అన్నారాయన, కళ్ళజోడు తుడుచుకుంటూ. "ప్రయోగశాల రోగమున్నదంటోంది. రోగి లేదంటోంది. పాలనాపరంగా మనం పౌరుల పక్షాన నిలవాలా, యంత్రం పక్షానా?"

"లక్షణాలు లేకపోవడమేనండి ఈ రోగంతో చిక్కు."

"ముల్లు కదలకపోతే తూకం లేనట్టే."

"కదిలేనాటికి ఆలస్యమైపోతుంది సార్. పెళ్ళయి నాలుగేళ్ళయిన పిల్ల."

ఆయన చెడ్డవారేం కాదు, ఆ మాట చెప్పాలి. "సరే, మానవతా దృక్పథంతో ఒక వెసులుబాటు కల్పిస్తాను. లక్షణాలు వచ్చే వరకు వారు వేచి ఉండేందుకు అనుమతి మంజూరు చేస్తున్నాను," అన్నారు.

అలా పుట్టింది లక్షణ నిరీక్షణ కార్డు. గులాబీ రంగు అట్ట, పైన జంట ఫోటో, కింద రోజువారీ గళ్ళు. రోజూ పది గంటలకి వచ్చి, "నేటి వరకు లేవు" అని సంతకం పెట్టి వెళ్ళాలి. రెండు రోజులు వరసగా రాకపోతే మొదటి నుంచీ నిరీక్షించాలి.

మొదటి మంగళవారం సంఘం ముందుకి నూకరత్నాన్ని నేనే తీసుకెళ్ళాను. సభ్యుల్లో ఒకాయన పళ్ళ డాక్టరు, ఒకాయన ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షన్ గుమాస్తా, ఒకాయన రిటైరైన తహసీల్దారు. తహసీల్దారు గారికి చెవుల్లో మిషను.

"ఇప్పుడేమైనా అనిపిస్తోందా?" అన్నారు పళ్ళ డాక్టరు.

"లేదండి."

"కంగారుపడకుండా ఆలోచించి చెప్పండి."

"ఆలోచించేనండి. లేదు."

"ఒకసారి అలా వరండాలో నడిచి రండి, చూద్దాం," అన్నారు తహసీల్దారు గారు.

ఆమె నడిచి వచ్చింది. ఏమీ రాలేదు. "పురోగతి లేదు" అని రాసి వచ్చే మంగళవారానికి వాయిదా వేశారు.

మే నెల వచ్చేసరికి మిగతా శిబిరాల ఫలితాలు కూడా వచ్చి, గులాబీ కార్డుల వాళ్ళు ఇరవై మూడు జంటలయ్యారు. ప్రసూతి వార్డు మెట్ల మీద కూర్చుని దారికి అడ్డమవుతున్నారని ఫిర్యాదు రావడంతో, దక్షిణామూర్తి గారు పాత జనరేటరు షెడ్డు కడిగించి సున్నం వేయించారు. ఫ్యాన్లు బిగించి, బెంచీలు వేయించి, రిబ్బను కత్తిరించారు. పైన బోర్డు: లక్షణ నిరీక్షణ మందిరం. మా గదికి పదకొండేళ్ళలో ఒక ఫ్యాను రెక్క మార్పించలేకపోయాను నేను. ఆ షెడ్డుకి ఆరు ఫ్యాన్లు, ఒక మైకు. అరగంటకోసారి మైకులో టేపు తిరిగేది.

"నిరీక్షకులకు విజ్ఞప్తి. మీలో ఎవరికైనను మంట, నొప్పి, స్రావము మొదలగునవి ప్రారంభమైనచో ఆలస్యము చేయక కౌంటరునందు నమోదు చేయించుకొని ప్రభుత్వమునకు సహకరింపగలరు."

నిషేధం రోజులు కదా, మగవాళ్ళకి ఊరికే కూర్చోవడం చేతకాలేదు. ఒకరు తెచ్చారని ఒకరు, చిరిగిన వలలు తెచ్చుకుని ఆ షెడ్డులో బాగుచేసుకోవడం మొదలుపెట్టారు. ఒక కొస ఈ కిటికీకి, ఒక కొస ఆ కిటికీకి కట్టి, మధ్యలో వరసగా కూర్చునేవారు. ఆడవాళ్ళు దారం కండెలు చుట్టిచ్చేవారు. నేను రోజూ మధ్యాహ్నం అక్కడికెళ్ళి రోగం సంగతి మొదటి నుంచి చివరి దాకా చెప్పేదాన్ని. బీరువా వెనక పదకొండేళ్ళు గుసగుసలాడిన మాటలు అక్కడ గొంతెత్తి చెప్పాను. వలలు కుట్టుకుంటూ విన్నారు, ప్రశ్నలడిగారు, ఒకళ్ళనొకళ్ళు ఎగతాళి చేసుకున్నారు. ఆ షెడ్డు వల్ల ఏదైనా మేలు జరిగిందంటే అదొక్కటే.

వరహాలు మాత్రం నూకరత్నం కూర్చున్న బెంచీ మీద కూర్చునేవాడు కాదు. దూరంగా కూర్చుని వల చూసుకునేవాడు.

నాలుగో మంగళవారం నాడు సంఘం వాళ్ళు కొత్త ఫారం తెచ్చారు. అందులో "మూలము" అని ఒక గడి. గుమాస్తా గారు కలం తెరిచి, "వ్యాధి ఎవరి వలన సంక్రమించినది? భర్త అని రాయమంటారా, భార్య అని రాయమంటారా? ఖాళీ వదలకూడదు," అన్నారు. వరహాలు నేల చూపులు చూస్తున్నాడు.

నూకరత్నమే చెప్పింది. "ఇద్దరిదీ అని రాయండి. ఇల్లు ఇద్దరిదే కదండి."

గుమాస్తా గారు అలాగే రాశారు. ఆ మధ్యాహ్నం నేను షెడ్డుకెళ్ళేసరికి వరహాలు నూకరత్నం బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఆమె కండె అందిస్తోంది, అతను కుడుతున్నాడు. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను, మైకులో విజ్ఞప్తి కూడా ఆ రోజు బాగానే వినపడింది.

మే నెలంతా లక్షణ చైతన్య మాసోత్సవం జరిగింది. ఊరేగింపు, వ్యాసరచన, ముగ్గుల పోటీ. మంట మీద వేసిన ముగ్గుకి మొదటి బహుమతి, నొప్పి ముగ్గుకి రెండోది. మాసం ముగిశాక దక్షిణామూర్తి గారు పైకి నివేదిక పంపారు: నిరీక్షకులు నలభై ఆరుగురు, బయటపడిన లక్షణాలు సున్న. నిజమే రాశారు పాపం. పైవాళ్ళకి ఆ సున్న నచ్చింది. ఏ జిల్లా నుంచీ అంత నిండు సున్న వాళ్ళకి రాలేదట. మా జిల్లాని "లక్షణరహిత జిల్లా"గా ప్రకటించి జూన్ పన్నెండున జ్ఞాపిక ఇస్తామని ఉత్తరం వచ్చింది. స్వయంగా రాష్ట్ర సంచాలకురాలు వస్తున్నారు.

ఉత్తరం వచ్చిన రోజు నుంచి మైకు మూగబోయింది. లక్షణాలు నమోదు చేసే కౌంటరు మూసేశారు.

జూన్ మొదటి వారంలో ఒక లారీ డ్రైవరు వచ్చాడు. అతనికి మూత్రం పోసేటప్పుడు మంట, చీము, వృషణాల్లో నొప్పి. మూడుకి మూడూ ఉన్నాయి. షెడ్డులో వాళ్ళకి తెలిసి, నలభై రోజులుగా ఎదురుచూస్తున్న చుట్టం దిగినట్టు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నేనే అతన్ని దక్షిణామూర్తి గారి గదికి తీసుకెళ్ళాను. ఆయన అతని కళ్ళల్లోకి చూడలేదు, క్యాలెండరు చూశారు.

"పన్నెండో తారీకు సాయంత్రం వరకు ఆపుకోగలరా?" అన్నారు.

"దేన్నండి?" అన్నాడు డ్రైవరు.

"లక్షణాలని."

డ్రైవరు నా మొహం చూశాడు. పక్క జిల్లా ఆసుపత్రికి దారి చెప్పి పంపించాను. లారీ ఉంది కాబట్టి సరిపోయింది.

అంటే ఇప్పుడు లక్షణం లేనివాళ్ళకి లేదు కనక మందు లేదు, ఉన్నవాళ్ళని ఉన్నట్టు రాస్తే సున్న పోతుంది కనక మందు లేదు. తొమ్మిదో తారీకున నూకరత్నం నా గదికొచ్చి స్టూలు మీద కూర్చుంది.

"పదిహేనో తారీకు తెల్లారి బోటు కదులుద్దండి. తరవాత రెండ్రోజులుంటాడు, పదిహేన్రోజులు పోతాడు. ఆ రెండ్రోజుల్లో మంగళారం పడాలి, ఇద్దరం వేలిముద్రెయ్యాలి. అది ఎప్పటికయ్యుద్దండి?" అంది. గొంతులో ఏడుపు లేదు, అలసట ఉంది. "లోపల అది మాత్రం మంగళారం దాకా ఆగదు గదండి."

నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. కోపమూ వచ్చింది. ఒక్క వారం మాత్రల కోసం ఆ పిల్ల నలభైకి పైగా సంతకాలు పెట్టింది. బీరువాని ఒక్క తాపు తన్నాను. అది కదల్లేదు, నా కాలు నెప్పెట్టింది.

మర్నాడు దక్షిణామూర్తి గారు తనే షెడ్డుకి వచ్చారు. సభలో మాట్లాడటానికి లబ్ధిదారులు కావాలట. "ఏ లక్షణమూ లేకుండా అందరికన్న ఎక్కువ కాలం నిలబడిన దంపతులెవరు?" అని రిజిస్టరు చూశారు. నూకరత్నం, వరహాలు. ఆయన ఉపన్యాసం తనే రాసి ఆమె చేతికిచ్చి, "ఏడో తరగతి చదివావు కదమ్మా, కూడబలుక్కుని చదివెయ్," అన్నారు.

పన్నెండున సభ. షామియానా, పూలకుండీలు, వేదిక మీద సంచాలకురాలు. ఆవిడ చేతిలో చిన్న నోటుపుస్తకం ఉంది. ఎవరేం చెప్పినా ఆవిడ రాసుకుంటారనీ, రాసుకున్నదల్లా ఆదేశం అవుతుందనీ ముందే చెప్పుకున్నారు. దక్షిణామూర్తి గారు "నిరీక్షణే నివారణ" అని ఇరవై నిమిషాలు మాట్లాడారు. తర్వాత నూకరత్నాన్ని పిలిచారు. ఆమె మైకు ముందుకొచ్చి, చేతిలో కాగితం మడిచి కొంగున ముడేసుకుంది.

"నమస్కారమండి. నాకేటీ లేదండి," అంది. జనం చప్పట్లు కొట్టారు. దక్షిణామూర్తి గారు అందరికంటే గట్టిగా కొట్టారు.

"బోటడుగున సన్న సిల్లు పడితే పైనున్నోళ్ళకి తెలీదండి. బోటు బాగానే ఎల్తాది. కాళ్ళకి నీళ్ళు తగిలేకే తెలుత్తాది, అప్పుడు తోడితే ఏం లాభమండి. ఈ రోగం అలాటిదేనండి. దీని పేరు క్లమీడియా. మొగుడూ పెళ్ళాల కాడ ఒకళ్ళ నించి ఒకళ్ళకొత్తాది. నాకూ ఉంది, మా ఆయనకీ ఉంది. ఏటీ లేనట్టుండడమే దీని లచ్చనమండి. మాకు పొద్దున్నా ఏటీ లేదు, మద్దేనం ఏటీ లేదు, రేత్రీ ఏటీ లేదు. మూడూ ఉన్నాయండి మాకు. మందిప్పించండి."

వరహాలు లేచి నిలబడ్డాడు. అతని వెనక షెడ్డులోని మిగతా ఇరవై రెండు జంటలూ లేచాయి. సంచాలకురాలు రాసుకోవడం ఆపి తలెత్తారు.

"లక్షణాలు లేకపోవడం ఈ వ్యాధి లక్షణమా?" అని దక్షిణామూర్తి గారిని అడిగారు.

ఆయన జీవితంలో పై అధికారి అడిగిన ప్రశ్నకి కాదని జవాబు చెప్పలేదు. "అవును మేడం."

"జాబితాలో ఉందా?"

"చేర్చే ప్రక్రియలో ఉంది మేడం."

ఆవిడ రాసుకున్నారు. రాసుకున్నది ఆదేశమైంది. మర్నాడు పొద్దున కంప్యూటరు తెరిస్తే పన్నెండు లక్షణాల కింద కొత్తగా మూడున్నాయి: ఉదయము లక్షణములు లేకుండుట, మధ్యాహ్నము లక్షణములు లేకుండుట, రాత్రి లక్షణములు లేకుండుట. సంఘం మంగళవారం కాకపోయినా అత్యవసరంగా కూర్చుంది. నలభై ఆరుగురినీ వరసగా నిలబెట్టి, ఏమీ లేదని కళ్ళారా చూసి ధ్రువీకరించింది. చీటీలు గడగడా బయటికొచ్చాయి.

వరహాలు తన చీటీ వెనక్కీ ముందుకీ తిప్పి చూసుకుని, "ముద్ర సరిగ్గా పళ్ళేదండి," అన్నాడు. కౌంటర్లో ఆయన మళ్ళీ కొట్టాడు. ఇద్దరూ మందిరం పక్క కుళాయి దగ్గర నిలబడి మొదటి మాత్ర మింగారు. ఈ మందు వాడే రోజుల్లో ఎండలో ఎక్కువ తిరక్కూడదని చెప్పాలి. బోటు మీద కలాసీకి ఆ మాట ఎలా చెప్పాలో తెలియక తలకి తువ్వాలు చుట్టుకుని, చేతులు కప్పుకోమన్నాను. వారం రోజులు ఎడంగా ఉండమని మాత్రం నేను చెప్పనక్కర్లేకపోయింది. మొదటి రెండు రోజులూ ఆమె చూసుకుంది, మిగతా రోజులు సముద్రం చూసుకుంది.

ఆ తర్వాత జరిగిన తమాషా క్లుప్తంగా చెబుతాను. కొత్త జాబితా సిబ్బంది ఆరోగ్య రికార్డులకి కూడా వర్తించింది. ఎవరికే బాధా లేదో వాళ్ళందరి పేర్లూ పక్కన మూడేసి టిక్కులతో మా గదికి వచ్చిపడ్డాయి. జులైలో ఒక మధ్యాహ్నం బీరువా పక్కనుంచి నడుము వంచుకుని దక్షిణామూర్తి గారు లోపలికొచ్చారు, వెనకాల ఆయన భార్య. ఇద్దరి చేతుల్లో గులాబీ కార్డులు.

"నాకేమీ లేదమ్మా," అన్నారాయన.

"అదే కదా సార్ లక్షణం," అన్నాను.

ఆవిడ మొహం చూసి జాలేసింది. కూర్చోబెట్టి, ఈ జాబితా మాట పక్కన పెట్టండి, అనుమానముంటే పరీక్ష చేయించుకోండి, పరీక్షలో ఉంటేనే మందు అని అందరికీ చెప్పినట్టే చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. మొదటిసారిగా రెండు వాక్యాల్లో ఉన్న జవాబు ఆయన పూర్తిగా విన్నారు. వాళ్ళ ఫలితం ఏమొచ్చిందో చెప్పను. ఎవరిదీ చెప్పను, ఈ గది పద్ధతి అది. బీరువాని మాత్రం ఆ వారంలోనే అక్కణ్ణించి తీయించారు.

సెప్టెంబర్లో నూకరత్నం మళ్ళీ వచ్చింది. మందు వాడిన మూడు నెలలకి ఇంకోసారి పరీక్ష చేసుకోవాలి. ఫలితం చూశాను. పోయింది. బోటు మీంచి వచ్చినప్పుడు వరహాలుకి చేసిన పరీక్షలోనూ పోయింది. కేసు మూసేద్దామని కంప్యూటరు తెరిచాను. అది అడిగింది: "నమోదైన లక్షణములు తొలగినవా?"

నమోదైనవి మూడు. పొద్దున ఏమీ లేకపోవడం, మధ్యాహ్నం ఏమీ లేకపోవడం, రాత్రి ఏమీ లేకపోవడం. అవి తొలగాలంటే మూడు పూటలా ఏదో ఒకటి ఉండాలి. ఏమీ లేదని కొడితే ఎర్ర అక్షరాలు పడ్డాయి: "రోగికి ఇంకను నయము కాలేదు." తల పట్టుకున్నాను.

"ఏటండీ మళ్ళీ?" అంది.

"నీకు పోయిందమ్మా. దీనికే పోలేదు. పొద్దునొక బాధ, మధ్యాహ్నమొక బాధ, రాత్రొక బాధ ఉంటే తప్ప నయమైనట్టు ఒప్పుకోదట."

నూకరత్నం నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలెట్టింది. ఎంతకీ ఆపదు.

"రాసుకోండి," అంది చివరికి. "పొద్దున్నే వాంతులండి. మద్దేనం ఎక్కడ కూకుంటే అక్కడ నిద్దర. రేత్రి గుండెల్లో మంట. రొయ్యల వాసన తగిలితే సాలు, ఫ్యాక్టరీ గేటు కాడే డోకొచ్చేత్తంది."

నేను కుర్చీలోంచి లేచాను. "ఎన్నో నెల?"

"రెండు నిండేయండి. స్కాను కూడా తీశారు. ట్యూబులో కాదు, సంచిలోనే ఉందని సెప్పేరు. అది సరిగ్గా సూడమని నేనే అడిగేను."

మూడు టిక్కులు పెట్టాను. కంప్యూటరు కాసేపు ఆలోచించి పచ్చ అక్షరాల్లో ఒప్పుకుంది: "లక్షణములు కనబడినవి. నయమైనది."

ఆ కాగితం తీసి ఇవ్వబోతే ఆమె చెయ్యి చాచలేదు.

"ముద్రెయ్యండి," అంది. "ఎల్లుండి బోటొత్తాది. ముద్ర లేకపోతే మా ఆయన నమ్మడు."

రెండు ముద్రలు వేసి ఇచ్చాను.